చక్రాలకు చెక్కలు పడేదాకా

కూర్మనాథం మాస్టారికి ఒక అలవాటు ఉంది. విమానం నేల మీద దిగాక, చక్రాలకు అడ్డుచెక్కలు పెట్టి, రెక్కలను తాళ్లతో గూటాలకు కట్టేదాకా ఆయన నోరు విప్పరు. ఎవరు పలకరించినా అంతే. ఆ చిన్న ఫ్లయింగ్ క్లబ్బులో నలభై ఏళ్లుగా పాఠాలు చెబుతున్న మనిషి. ఎగరడం నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు నేర్చుకోవడం అయిపోయాక కూడా ఆయన మాట కోసం వస్తూనే ఉంటారు. ఆ మాటేమో అంత తేలిగ్గా దొరకదు.

ఆయన శిష్యురాలు మృణాళిని పళ్ల డాక్టరు. గ్లాసెడు మంచినీళ్లు తాగినా పైకి చూసి దండం పెట్టుకునే ఇంట్లో పుట్టి పెరిగింది. ఆమెకు మాస్టారి తీరు మింగుడు పడలేదు. అంత ఎత్తు నుంచి ప్రాణాలతో దిగి, ఒక నమస్కారమైనా లేకుండా అలా బిగుసుకుని కూర్చుంటారేమిటీయన? విమానం ఆగగానే తను టీ కోసం క్యాంటీను వైపు నడిచేది గానీ, ఈ సంగతి మనసులో నలుగుతూనే ఉండేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది.

“మాస్టారూ, తప్పుగా అనుకోకండి. క్షేమంగా దిగినందుకు మీరు దేవుడికి దండం పెట్టగా నేనెప్పుడూ చూడలేదు. మీకు కృతజ్ఞత అనిపించదా?”

మాస్టారు నొచ్చుకోలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, రేపు పొద్దున్నే రమ్మనీ, ఎగరడం దగ్గర్నుంచి దిగడం దాకా అంతా ఆమే చేయాలనీ, తాను వేలు కూడా కదపననీ చెప్పారు. తను అడిగినదానికీ ఆయన చెప్పినదానికీ పొంతన ఏమిటో ఆమెకు బోధపడలేదు.

ఆ విమానం గురించి ఒక మాట చెప్పాలి. స్వాతంత్ర్యానికి ముందు తయారైనది. గుడ్డ రెక్కలు, ఒకరి వెనక ఒకరు కూర్చుని ఎవరైనా నడపగల రెండు సీట్లు, ముందు రెండు చక్రాలు, తోక కింద ఒక బుల్లి చక్రం. తుక్కులో పడి ఉన్న దాన్ని మెకానిక్ ఖాదర్ బాషా తొమ్మిదేళ్లు కష్టపడి మళ్లీ ఎగిరేలా చేశాడు. రెక్క విరిగితే అలాంటిది ఇంకెక్కడా దొరకదు. క్లబ్బులో అందరూ దాన్ని ముసలమ్మ అంటారు. గాల్లో ఉన్నంతసేపూ బంగారం. నేల తాకిందా, పెంకితనం మొదలు. వేగం పూర్తిగా చచ్చేదాకా కాళ్ల కింది పెడల్స్‌తో సరిదిద్దుతూనే ఉండాలి, లేకపోతే తోక ముందుకు వచ్చేయాలని చూస్తుంది. ఇదంతా మృణాళినికి కంఠతా వచ్చు.

మర్నాడు పొద్దున దింపినంత చక్కగా ఆమె అంతకుముందెప్పుడూ విమానాన్ని దింపలేదు. చక్రాలు గడ్డిని తాకాయో లేదో కూడా తెలియలేదు, అంత మెత్తగా దిగింది. ముందు సీట్లో మాస్టారి చేతులు మోకాళ్ల మీదే ఉన్నాయి. సంతోషంతో ఆమె కళ్లు నిండాయి. కంట్రోల్ కర్ర వదిలేసి, కళ్లు మూసుకుని రెండు చేతులూ జోడించింది.

ముసలమ్మకు కావలసింది అదే. పక్కగాలి తోసింది, తోక జారింది, ముక్కు గిరుక్కున ఎడమకు తిరిగింది. అటువైపు రేకుల షెడ్డు ముందు ఖాదర్ బాషా అడ్డుచెక్కలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. మృణాళిని కళ్లు తెరిచింది. పెడల్ తొక్కాలని తెలుసు, ఏ కాలితోనో గుర్తు రాలేదు. తొమ్మిదేళ్ల కష్టం తన మీదికే దూసుకొస్తుంటే బాషా కొయ్యబారిపోయాడు. మాస్టారి భుజాలు ఒక్కసారి కదిలాయి. వేలు కదపనన్న మాట ఆయన అక్కడ తప్పారు, ముగ్గురి అదృష్టం. ఇంజన్ ఒక్క క్షణం గుర్రుమంది. విమానం గిర్రున తిరిగి, కుడి రెక్క కొనతో గడ్డిని రాసుకుంటూ పోయి, షెడ్డుకు పదడుగుల దూరంలో, వచ్చిన దారివైపే ముఖం పెట్టి ఆగింది.

మాస్టారు మాట్లాడలేదు. బాషాతో కలిసి విమానాన్ని గూటాల దాకా తోశారు. బాషా చెక్కలు పెట్టి, తాళ్లు కట్టి, రెక్క పొడవునా అరచేత్తో తడిమాడు. గుడ్డ చిరగలేదని చెబుతూనే ఏడ్చేశాడు.

మామూలుగా అయితే ఈపాటికి మృణాళిని క్యాంటీనులో ఉండేది. ఆవేళ అక్కడే గడ్డిలో కూలబడింది కనక, ఇన్నాళ్లూ చూడనిది చూసింది. ఆఖరి ముడి పడ్డాక మాస్టారు బూట్లు విప్పారు. విమానానికి ఎదురుగా నిలబడి, కళ్లు మూసుకుని, చేతులు జోడించి చాలాసేపు అలాగే ఉండిపోయారు. తరువాత బాషా వైపు తిరిగి అతనికీ నమస్కరించారు. బాషా ఏమీ కంగారు పడలేదు. రోజూ అందుకునేవాడిలా తల వంచి తనూ చేతులు జోడించాడు.

ఆమెకు సిగ్గు ముంచుకొచ్చింది. దాని వెనకే, బతికి ఉన్నందుకు, ఆ రెక్క నిలిచినందుకు, ఎదురుగా ఆ ఇద్దరూ క్షేమంగా నిలబడి ఉన్నందుకు గుండె నిండిపోయింది. మెల్లగా లేచి వెళ్లి, పొరపాటంతా తనదేనని బాషాకు చెప్పుకుంది. ముందు సీటు దగ్గరున్న చిన్న అద్దంలో మాస్టారు తనను చూసే ఉంటారని ఆమెకు తెలుసు. ఇప్పుడు తను కూడా దండం పెట్టుకోవచ్చా అని తలెత్తకుండానే అడిగింది.

“పెట్టుకో తల్లీ, తనివితీరా పెట్టుకో,” అన్నారు మాస్టారు, బూట్లు తొడుక్కుంటూ. “ఇందాక నువ్వు పెట్టినప్పుడు దేవుడింకా పనిలోనే ఉన్నాడు. నీ చేతులతో.”