దీపాలవేళ మజ్జిగ చుక్క

మా గురువుగారు నరహరి స్వామివారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పేవారు కారు, పని చెప్పేవారు. వేదాంతం తెలుసుకుందామని వచ్చి, చీపురు పుచ్చుకుని వెళ్ళినవాళ్ళున్నారు. నవ్వకండి, ఆ చీపురు పట్టిన చేతుల్లో నావీ ఉన్నాయి. ఆ దయ వల్లనే ఇవాళ మీ ముందు కూర్చుని నాలుగు మాటలు చెప్పగలుగుతున్నాను.

స్వామివారు హైదరాబాదులో ఉన్న రోజుల్లో ఓబులేసు అనే శిష్యుడు భార్య ప్రమీలను వెంటబెట్టుకుని వచ్చాడు. కడప నుంచి బదిలీ అయినవాడు. నగరం నడిబొడ్డున ఇల్లు అందని పండు కనుక శివార్లలో రెండు చోట్లు చూసుకున్నాడు. ఒకటి శంకరపల్లి వైపు, ప్రహరీ, లిఫ్టు, కాపలా ఉన్న పెద్ద అపార్టుమెంట్లు. రెండోది ఘట్‌కేసర్ వైపు, విడివిడి ఇళ్ళున్న చిన్న కాలనీ. ఎల్లుండిలోగా ఎవరో ఒకరికి మాట చెప్పాలి. స్టేషను ఎంత దూరం, నీళ్ళు ఎన్ని రోజులకోసారి, గుమ్మం ఏ దిక్కు, అన్నీ కాగితం మీద గళ్ళు గీసి రాసుకొచ్చాడు.

"ఏది తీసుకోమంటారు స్వామీ?" అని అడిగి, గొంతు తగ్గించాడు. "ఈమెకు రెటీనా జబ్బు. వెలుతురు తగ్గితే ఏమీ కనపడదు. రెండు మూడేళ్ళు పోతే పగలు కూడా కష్టమేనన్నారు డాక్టర్లు. నేను పొద్దున పోతే చీకటి పడినాకే వచ్చేది. అంతసేపూ ఒక్కతే ఉండాల. ఈ ఒక్క విషయంలో నేను తప్పు చేయకూడదు స్వామీ."

"నేనేం గాజుబొమ్మను కాదు లెండి" అంది ప్రమీల.

స్వామివారు కాగితం చూసి, "రాత ముత్యాల్లా ఉంది నాయనా" అని మెచ్చుకుని, మడిచి పక్కన పెట్టేశారు. "రేపు రెండు గిన్నెల్లో కాచిన పాలు పట్టుకెళ్ళండి. ఒక్కో చోట ఒక్కో గిన్నె. పాలు పేరబెట్టుకోవాలి, మజ్జిగ చుక్క ఇమ్మని ఎవరినైనా అడగండి. అంతే."

ఓబులేసు ముఖం మీరు చూడాలి! అయినా గురువాక్యం. మర్నాడు మధ్యాహ్నం శంకరపల్లి వైపు వెళ్ళారు. కాపలా మనిషి పై అంతస్తుకి ఫోను చేసి సంగతి చెప్పాడు. ముఖమైనా చూడని ఎవరో తల్లి అయిదు నిమిషాల్లో లిఫ్టులో పెరుగు ప్యాకెట్టే పంపింది. చల్లగా ఉండాలి ఆ తల్లి, అడిగినదానికన్నా ఎక్కువే ఇచ్చింది. అక్కడి నుంచి నగరం దాటి, ఉప్పల్ దగ్గర బండ్ల మధ్య ఇరుక్కుని, ఘట్‌కేసర్ వైపు చేరేసరికి సందె పడింది. ఒక ఇంటి గడప దగ్గర అండాలమ్మ అనే పెద్దావిడ అప్పుడే దీపం పెట్టి లేస్తోంది. ఓబులేసు గేటు అవతలి నుంచే సంగతి చెప్పాడు.

"దీపం వెట్టినంక చల్ల చేయి దాటియ్యరు బిడ్డా. నేనియ్య" అందావిడ.

మన ఇళ్ళలోనూ ఉందిగా ఈ పట్టింపు, దీపాలవేళ దాటితే పెరుగూ మజ్జిగా గడప దాటనివ్వం. ఓబులేసు "సరే, పద" అని కారు వైపు తిరిగాడు. వెనక నుంచి మళ్ళీ ఆవిడ గొంతే.

"గింత దూరం పాలు మోసుకొచ్చి ఉత్తగనే పోతరా? చల్ల బయటికి పోవద్దు గానీ, పాలు లోపలికి రావొద్దని ఎవలన్నరు? రా బిడ్డా, గిన్నె ఈడ్నే వెట్టు. నేనే చల్ల వోస్త, పొద్దుగాల వచ్చి తీస్కపో. సారేంది, గేటు కాడ్నే నిలవడ్డడు? సిగ్గా?"

ప్రమీల లోపలికి వెళ్ళింది. అప్పుడే ఆఫీసు నుంచి ఫోను రావడంతో ఓబులేసు అటు తిరిగి మాట్లాడుతూ ఉండిపోయాడు. కాసేపటికి ఆమె ఒట్టి చేతులతో వచ్చింది. ఇద్దరూ నేరుగా స్వామివారి దగ్గరికే వచ్చారు.

"తేలిపోయింది స్వామీ" అన్నాడు ఓబులేసు. "మొదటి చోట అడిగిన దానికి మించి ఇచ్చినారు. రెండో చోట ఇవ్వనని ముఖం మీదే చెప్పింది. పైగా మా గిన్నె కూడా ఉంచేసుకుంది!"

స్వామివారు ప్రమీల వైపు తిరిగారు. "లోపల ఏం జరిగిందమ్మా?"

"మెట్ల దగ్గర కాలితో తడుముకుంటా ఉంటే ఆమె చూసింది స్వామీ. కళ్ళకేమైందని అడగలేదు. చేయి పట్టుకుని, లెక్కవెట్టుకో బిడ్డా అనింది. గేటు నుంచి పన్నెండు అడుగులు, మూడు మెట్లు, మూడోది పొట్టిది. తిరిగి వచ్చేటప్పుడు చేయి వదిలేసి, నువ్వే దిగు అనింది. దిగినాను స్వామీ, ఆ చీకట్లో, నేనే. దండం పెట్టబోతే, నాకెందుకు, నీ కాళ్ళకు వెట్టుకో అనింది."

చెబుతూ చెబుతూ నవ్వింది. ఓబులేసు మాత్రం నవ్వలేదు. భార్య పాదాల వైపే చూస్తూ ఉండిపోయాడు. ఈ ఏడాదిలో ఆమె మెట్టు ఎక్కినా దిగినా చేయి విడవని మనిషి. కళ్ళ నిండా నీళ్ళొచ్చి, ఆ పెద్దావిడ ఇల్లు ఏ దిక్కున ఉందో తెలియకుండానే రెండు చేతులూ జోడించాడు.

స్వామివారు మెల్లగా అన్నారు.

"రేపు పొద్దున గిన్నె కోసం వెళ్ళినప్పుడు కూడా, నువ్వు గేటు దగ్గరే ఆగు నాయనా."