జేజేలు లేని పల్లకీ

ఏ రాజ్యమో, ఏ కాలమో గానీ, తిరుమలాంబ అనే పేదావిడ ఉండేది. "ప్రజలంటే నేనే" అని చెప్పుకునే దొరల వెంట జనం ఎందుకు పడతారో తెలుసుకోవడమే ఆవిడ జీవితమంతా చేసిన పని. సంత సంతకూ తిరిగి వాళ్ల ప్రసంగాలు వినేది. "ఇదీ ఒక చదువేనా?" అని ఊళ్లు నవ్వేవి.

ఒకనాడు సంతలో దొర వీరభూపాలుడు అరుగెక్కి, "నాకు జేజేలు కొట్టనివాడు అసలు ప్రజే కాదు!" అని గర్జించాడు. జనమంతా జేజేలన్నారు. దొర పల్లకీ మోసే బోయీ నూకన్న ఒక్కడే, గొంతు పట్టేసి, నోరు మెదపలేకపోయాడు.

"వీణ్ణి పెళ్లాంపిల్లలతో సహా పొలిమేర దాటించండి!"

నూకన్న పిల్లలు గొల్లుమన్నారు. తిరుమలాంబ గుండె తరుక్కుపోయింది. ముందుకొచ్చి, "చిన్న సందేహం దొరా. ప్రజలు కానివాళ్లు తమరి పల్లకీ మోయవచ్చునా?" అంది.

"ఛీ, తాకనైనా తాకనివ్వను!"

"విన్నారా నాయనలారా?" అంది ఆవిడ మిగతా బోయీలతో.

దొర పల్లకీలో కూర్చున్నాడు. ఈసారి బోయీల నోట జేజేలూ లేవు, పల్లకీ లేవనూ లేదు. కోట ఆమడ దూరం, ఎండ మాడు పగలగొడుతోంది.

"ఎత్తండిరా!"

"జేజేలు కొట్టనివాళ్లం కదా దొరా, తాకొద్దని తమరే సెలవిచ్చారు," అన్నాడు పెద్ద బోయీ వినయంగా.

దొర చెమట తుడుచుకున్నాడు. "సరే, మోసేవాళ్లంతా ప్రజలే! నూకన్నా ప్రజే!"

"మరి మోయలేని పసివాళ్లు?" అంది తిరుమలాంబ, నూకన్న పిల్లల్ని దగ్గరికి తీసుకుని.

"వాళ్లూనమ్మా, వాళ్లూను!"

నూకన్న కూడా భుజం పట్టాడు. పల్లకీ కదిలింది. దారి పొడుగునా జేజేలు కొట్టమని దొర ఎవర్నీ అడగలేదు.