లోవరాజు రాసిన మనిషి

గురువుగారు సంతకం పెట్టటం లేదు. ఎందుకో లోవరాజుకి అంతుపట్టటం లేదు.

కాకినాడ అవతల, సముద్రం గట్టున ఒక రొయ్యల ఫ్యాక్టరీ ఉంది. అక్కడ రొయ్యల్ని గడ్డకట్టించేది అమ్మోనియా గ్యాసు. గొట్టాల్లో ఉన్నంతసేపూ దాని పని అది చేసుకుపోతుంది. బయటికొచ్చిందా, కళ్ళూ ఊపిరితిత్తులూ కాల్చేస్తుంది. గోడకి ఇవతల మిషన్ల గది, అవతల హాలు నిండా రొయ్యలు వలిచే ఆడవాళ్ళు. ఆ ఫ్యాక్టరీకి భద్రతా నివేదిక రాసే పని లోవరాజుది, దాని మీద పెట్టాల్సిన సంతకం అచ్యుతరామయ్యగారిది. ఆయన ఫ్యాక్టరీల తనిఖీ అధికారిగా రిటైరై, ఊరికే కూర్చోలేక కుర్రాళ్ళకి ఈ విద్య నేర్పుతున్న పెద్దాయన.

రాతలో లోవరాజుకి వంక పెట్టలేం. గ్యాసు లీకైతే గాలివాటున ఎంత దూరం పోతుందో, ఆడవాళ్ళు ఏ గుమ్మంలోంచి బయటపడాలో, అన్నీ రాశాడు. అసలు పేజీ ఒకటుంది. ‘డ్యూటీలో ఉన్న ఆపరేటరు మాస్కు వేసుకుని మిషన్ల గదిలోకి వెళ్ళి పెద్ద వాల్వు కట్టేస్తాడు. గ్యాసు హాల్లోకి రాదు.’ అంతమంది ప్రాణాలూ ఆ రెండు వాక్యాల మీదే ఉన్నాయి. పెద్దాయన అక్కడిదాకా చదవటం, ఆగిపోవటం, మూసి పక్కన పెట్టటం.

గడువు రేపటితో సరి. యజమాని ఫోన్ల మీద ఫోన్లు. లోవరాజుకి చిర్రెత్తుకొచ్చింది. అసలే కార్తీక మాసం, అయ్యప్ప మాలలో ఉన్నాడు, కోపం రాకూడదు. అయినా వచ్చింది.

“తప్పుంటే చెప్పండి గురువుగారూ, దిద్దుకుంటాను. లేదంటే సంతకం పెట్టెయ్యండి. మాస్కులు కూడా కొత్తవి. నేనే దగ్గరుండి కొనిపించాను.”

మామూలప్పుడైతే ‘ఏమోయ్ పండితుడా’ అని ఓ చురక అంటించేవాడు పెద్దాయన. మాల వేసుకున్నవాణ్ణి అలా అనకూడదాయె. కండువా భుజాన వేసుకుని లేచాడు.

“ఫ్యాక్టరీ దాకా వెళ్ళొద్దాం, రండి స్వామీ.”

మిషన్ల గది బయట గోడకి ఒక అద్దాల పెట్టె, అందులో మాస్కు. డ్యూటీలో ఉన్న ఆపరేటరు సత్తిబాబు ఎదురొచ్చి “స్వామి శరణం” అన్నాడు. అతనూ నల్లబట్టల్లోనే ఉన్నాడు.

అచ్యుతరామయ్య మాస్కు తీసి శిష్యుడి చేతికిచ్చాడు. “పెట్టుకోండి.”

లోవరాజు పెట్టుకుని పట్టీలు బిగించాడు. గురువు తనూ ఓ చెయ్యి వేసి ఇంకాస్త బిగించాడు. తర్వాత జేబులోంచి చిన్న సీసా తీసి, దూదికి ఒక చుక్క అద్ది, శిష్యుడి దవడ పక్కన మాస్కు అంచు దగ్గర పట్టుకున్నాడు. సీసాలో ఉన్నది అమ్మోనియా కలిపిన నీళ్ళు.

లోవరాజు ఊపిరి పీల్చాడు. అంతే! గొంతు భగ్గుమంది. కళ్ళమ్మట నీళ్ళు ధారలు కట్టాయి. మాస్కు పీకేసి, గోడ పట్టుకుని, పేగులు బయటికొచ్చేలా దగ్గాడు.

“ఇది... పాడైపోయిన మాస్కు.”

“కొత్తదే కదా స్వామీ. దగ్గరుండి కొనిపించారు.”

పెద్దాయన అదే మాస్కుని, పొద్దున్నే నున్నగా గీసుకున్న తన మొహానికి తగిలించుకున్నాడు. అదే దూది తన దవడ పక్కన పట్టుకుని గుండెల నిండా గాలి పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. రెప్పయినా ఆర్పలేదు.

లోవరాజు చెయ్యి తనంతట తనే గడ్డం మీదికి పోయింది. మాల వేసుకున్ననాటి నుంచీ కత్తి తగలని గడ్డం అది. ఆ వెంట్రుకల మీద రబ్బరు ఎక్కడ అతుక్కుంటుంది? మెల్లగా తలెత్తి సత్తిబాబు మొహం చూశాడు. అక్కడా గుబురు గడ్డమే.

“మీ తర్వాత డ్యూటీకి ఎవరొస్తారు స్వామీ?” అనడిగాడు.

“కొండబాబు స్వామండి.”

“ఆ తర్వాత?”

“ఎవరొచ్చినా స్వాములేనండి. ఈ ఏడాది ఆపరేటర్లందరం ఒకేసారి వేసుకున్నాం,” అన్నాడు సత్తిబాబు, సంబరంగా.

గోడ అవతల నించి ఆడవాళ్ళ మాటలు వినిపిస్తున్నాయి. ఎవరో పకపకా నవ్వారు. లోవరాజుకి భయం వేసింది, నిజంగా భయం వేసింది.

“దీక్షలో ఉన్నవాళ్ళని గడ్డం తీసెయ్యమని ఎలా అడగను గురువుగారూ?”

“అడగమని నేనన్నానా?”

“మరి నేను రాసినదాంట్లో తప్పేమిటి?”

అచ్యుతరామయ్య మాస్కు తుడిచి పెట్టెలో పెట్టాడు.

“మీరు రాసిన మనిషికి గడ్డం పెరగదు స్వామీ.”

లోవరాజు కళ్ళు తుడుచుకున్నాడు. యజమాని ఫోను మళ్ళీ మోగుతుంటే కట్ చేసేసి, వెళ్ళి హాలు తలుపు తోశాడు.

“పని ఆపెయ్యండి. అందరూ బయటికి రండి.”

గుమ్మం దగ్గరున్న పెద్దావిడ చేతిలో రొయ్య చేతిలోనే ఉండగా హడలిపోయి లేచింది.

“గ్యాసు గానీ లీకయ్యిందాండి స్వామీ?”

“ఇంకా అవలేదు మాతా,” అన్నాడు లోవరాజు.