నీళ్ళు తాగే గోరీలు

నబీసాబుకు తన చెవులంటే మహా గర్వం. ఎందుకుండదు మరి! కర్ర ఒక కొస నేలకు ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకున్నాడంటే భూమిలో నీళ్ళు ఎక్కడ కారుతున్నాయో చెప్పేస్తాడని జాలగుట్ట చుట్టుపక్కల ఊళ్ళన్నీ చెప్పుకునేవి. అలాంటివాడికి ఆ ఎండాకాలం పరువు మీదికి వచ్చింది.

గుట్ట పైన ఊట ఉంది. అక్కడినుంచి ఒక మట్టి గొట్టం భూమిలోనే దిగివస్తుంది. చింతలతోపు కిందుగా, గోరీల దొడ్డి పక్కగా, కుళ్లాయమ్మ గుడిసె అడుగుగా వచ్చి దర్గా తొట్టిలో పడుతుంది. దర్గాకు వచ్చే రోగులైనా, కింద పేటవాళ్ళైనా ఆ నీళ్ళే తాగాలి. ఊట దగ్గర చూస్తే గొట్టంలోకి నీళ్ళు నిండుగా దూకుతున్నాయి. తొట్టి దగ్గర చూస్తే చిటికెనవేలంత ధార. అది కూడా ఉండుండి ఆగి, గొట్టం మూతి ముసలివాడిలా గుర్రుమని ఊపిరి తీసేది.

మధ్యలో నీళ్ళు ఎవరు తాగుతున్నట్టు?

"ఇంకెవరు, గోరీల్లో వాళ్ళే. ఈ ఎండలకు వాళ్ళకు మాత్రం దప్పిక కాదా?" అని పేట ఆడవాళ్ళు తేల్చేశారు. సందెవేళ ఆ దొడ్డి పక్కన నడవడమే మానేశారు.

నబీసాబు కర్ర పట్టుకుని గుట్టంతా తిరిగాడు. ఎక్కడా చెమ్మ లేదు. కుళ్లాయమ్మ గుడిసె వెనక మాత్రం ఇంత తోటకూర మడి పచ్చగా కళకళలాడుతోంది. అతనికి అనుమానం తగిలింది. గుడిసెలోకి వెళ్ళి పొయ్యి పక్కన కర్ర ఆనించాడు. టప్... టప్... టప్.

"ఇక్కడే!" అన్నాడు.

కుళ్లాయమ్మ మొగుడు పోయిన మనిషి. మంచం దిగలేని అత్తను పెట్టుకుని ఆ గుడిసెలో బతుకుతోంది. "గిన్నెలు కడిగిన నీళ్ళు పోసి పెంచుకుంటి సామీ. ఆ గొట్టం జోలికి నేనెందుకు పోతా?" అని మొత్తుకుంది. ఎవరు వింటారు? పొయ్యి పగలగొట్టి నడుంలోతు తవ్వారు. గొట్టం బయటపడింది. ఎక్కడా చిన్న చీలిక కూడా లేదు.

"మనం వస్తన్నామని తెలిసి పూడ్చేసింటాది" అన్నారు పేట పెద్దలు. నబీసాబు కాదనలేదు. తన చెవి తప్పు అనడం కంటే ఆమె దొంగ అనడమే తేలికైంది పాపం. శుక్రవారం నమాజు కాగానే ఆమెను, అత్తను గుట్ట దింపేయాలని తీర్మానం అయిపోయింది.

శుక్రవారం పొద్దున్నే నబీసాబు తన గురువు జమీల్ షా దగ్గరికి పోయాడు. ఆయన దర్గాలో ఉండే ముసలి ఫకీరు. గోరీల దొడ్డిలో, గొట్టం వారగా, తన గోరీ గుంత ఎన్నడో తవ్వించి పెట్టుకున్నాడు. వారం వారం అందులోకి దిగి ఆకులు ఏరి, ఊడ్చి వస్తాడు. చూసేవాళ్ళకు భయం గానీ ఆయనకేం లేదు. ఆ పొద్దు కూడా చీపురు ఒళ్ళో పెట్టుకుని గుంత అంచున కూర్చున్నాడు.

"నిద్ర పట్టడం లేదు బాబా" అన్నాడు నబీసాబు. "ఆ గుడిసెలో చప్పుడు విన్నాను. అల్లా మీద ఒట్టు. మరి అక్కడ నీళ్ళెందుకు లేవు?"

జమీల్ షా చీపురు పక్కన పెట్టాడు. "తొట్టి కాడ గొట్టం మూతికి గుడ్డ బిగించి రా. పారే నీళ్ళు నిలబడనీ."

బిగించి వచ్చాడు.

"ఇంక దిగు."

"యాడికి బాబా?"

"నా ఇంట్లోకి."

నబీసాబు రెండడుగులు వెనక్కి వేశాడు. అయినా గురువు మాట. దిగి పడుకున్నాడు. తలవైపు గుట్ట, కాళ్ళవైపు కుళ్లాయమ్మ గుడిసె. గుంత పక్కగోడలో గొట్టం వీపు పైకి తేలి ఉంది. దానికి చెవి ఆనించమన్నాడు ముసలాయన. ఆనిస్తే చల్లగా తగిలింది. అంతలో పైన బల్లలు పరుస్తున్న చప్పుడు. అది చాలదన్నట్టు వాటిమీద మన్ను ఎగదోస్తున్నాడు! మన్ను రాలే చప్పుడు తగ్గుతూ తగ్గుతూ పోయి, ఆగిపోయింది. బయట పట్టపగలు. లోపల తన చెయ్యి తనకే కనపడలేదు.

టప్... టప్... టప్.

గొట్టంలోంచి కాదు. అడుగునుంచి. ఎవరో భూమి కిందనుంచి తడుతున్నారు. నబీసాబు బిగుసుకుపోయాడు. అతను భయపడేకొద్దీ ఆ తట్టడం గట్టిదైంది, జోరందుకుంది.

"బాబా! ఈడ ఎవరో ఉండారు!"

పైనుంచి ముసలాయన గొంతు ఏ ఊరినుంచో వచ్చినట్టు వచ్చింది. "ఉండార్లే. ఎవరో కనుక్కో."

నబీసాబు కలిమా చదువుకుంటూ గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. చేతికింద ఒక దెబ్బ, చెవిలో ఒక దెబ్బ. రెండూ ఒక్కసారే. మళ్ళీ చూసుకున్నాడు. రెండూ ఒకటే.

గుడిసెలో, ఆ పొయ్యి పక్కన, తను విన్నదీ ఇదే. ఇదే చప్పుడు. సిగ్గుతో ఏడుపొచ్చింది. అక్కడ చూసేవాళ్ళు లేరు గనక కరువుతీరా ఏడ్చాడు.

ఏడ్చి ఏడ్చి గుండె నెమ్మదించింది. తట్టడం సన్నగిల్లింది. అప్పుడు దాని వెనకనుంచి ఇంకొకటి వినపడింది. ఉష్ష్ష్... ఎక్కడా తెగని చప్పుడు. ఊపిరి కోసం కూడా ఆగదు. పక్కనే ఎవరో పడుకుని, చెవి దగ్గర నోరు పెట్టి ఊరుకోమంటున్నట్టుంది. వెన్ను జలదరించినా ఈసారి అతను అరవలేదు. తలవైపు జరిగాడు, చప్పుడు పెరిగింది. కాళ్ళవైపు జరిగాడు, తగ్గింది.

బల్లలు తీశాక నబీసాబు వెలుతురుకు కళ్ళు చికిలించుకుంటూ పైకెక్కాడు. "తలవైపు బాబా. చింతలతోపులో."

"లోపల ఎవరుండారు?" అని అడిగాడు జమీల్ షా.

నబీసాబు గుండె మీద చెయ్యి పెట్టి చూపించాడు. ముసలాయన చీపురు తీసుకుని, గుంతలో రాలిన మన్ను ఊడవడానికి దిగాడు.

తోపులో తవ్వితే దొరికింది. చింతవేరు ఒకటి గొట్టాన్ని పగలదీసి లోపలికి దూరింది. ఆ చీలికలోంచి నీళ్ళు కింది బండ సందులోకి పోతున్నాయి. ఎన్నాళ్ళు పోయినా పైకి చెమ్మ తేలే దారి లేదు. పేటవాళ్ళు ఈలలు వేశారు. "నీ చెవే చెవి నబీ!" అని పెద్దలు అతని వీపు తట్టారు. కుళ్లాయమ్మను ఎవరూ దింపనక్కర్లేదన్నారు. అంతటితో అందరికీ సరిపోయింది. అతను ఏమీ చెప్పకపోయినా అడిగేవాళ్ళు లేరు.

నబీసాబు గుట్ట దిగి గుడిసె దగ్గరికి వచ్చాడు. అత్త మంచం అప్పటికే బయట ఎండలో వేసి ఉంది. మూటలు గుమ్మంలో ఉన్నాయి. పగిలిన పొయ్యి పక్కన గొయ్యి నోరు తెరుచుకునే ఉంది.

"ఇంగా ఏం తవ్వాల సామీ?" అంది కుళ్లాయమ్మ.

"పూడ్చను వచ్చినానమ్మా. నీళ్ళు పోయేది తోపులో."

ఆమె గుమ్మంలో మూటలు పక్కకు జరిపి దారి ఇచ్చింది. తర్వాత అడిగింది. "మరి ఆపొద్దు నా ఇంట్లో నీకు ఏం ఇనపడింది?"

"నా గుండె చప్పుడమ్మా."

కుళ్లాయమ్మ అతన్ని ఎగాదిగా చూసింది.

"దానికేనా నా పొయ్యి తవ్వింది?" అంది.

నబీసాబు పార అందుకున్నాడు.