పేరంటాలు మడమ

అనగనగా ఒక ఊళ్ళో, ఏటిగట్టు పక్కన, పేరంటాలనే కుమ్మరామె ఉండేది. మొగుడు గుండయ్య సారె మీద కుండలు చేసేవాడు. ఆ కుండలకి మట్టి తొక్కేది పేరంటాలు. పొద్దున మట్టిగుంటలో దిగితే ఎండ నడినెత్తికొచ్చేదాకా మడమలతో తొక్కీ తొక్కీ, రాయి తగిలితే ఏరి, మట్టిని వెన్నముద్ద చేసేది. ఆడది సారె ముట్టకూడదు, సారె పట్టినవాడు మట్టి తొక్కకూడదు. అది వాళ్ళ ఆచారం.

వాళ్ళకో కూతురు, నాంచారి. నీ అంత ఉంటుంది, బడికెళ్తుంది.

ఒక పెళ్ళిళ్ళ కాలంలో ఊరూరి నుంచీ ఐరేని కుండలు అడిగారు. పెళ్ళిపందిట్లో పెడతారే, రంగులేసిన కుండలు, అవి. పేరంటాలు రెండింతలు తొక్కింది. అప్పుడు పట్టుకుంది మడమ నొప్పి.

తెల్లారి మంచం దిగి మొదటి అడుగు వేస్తే చాలు, మేకు దిగినట్టు "అమ్మో!" అని అరిచేది. ఆ ఇంట్లో నాంచారిని లేపేది కోడి కాదు, ఆ అరుపు. నాలుగడుగులు వేశాక నొప్పి సర్దుకునేది. "చూశారా, తొక్కితే పోతోంది" అని పేరంటాలు ఇంకా గట్టిగా తొక్కేది. సాయంత్రం కాసేపు కూర్చుని లేస్తే మళ్ళీ అదే మేకు.

అప్పుడు గుండయ్య ముల్లు విరిగిందేమోనని పిన్నీసుతో కెలికాడు. ముల్లు రాలేదు, నెత్తురొచ్చింది. ఆ తర్వాత పేరంటాలు కాల్చిన ఇటుక మీద జిల్లేడాకు వేసి మడమ ఆనించింది. బొబ్బ లేచింది. ఆ తర్వాత కుంటుకుంటూ ఆసుపత్రికి వెళ్ళింది.

డాక్టరమ్మ కాలు పట్టి చూసింది. "మడమ నుంచి వేళ్ళదాకా అరికాల్లో పట్టీలాంటిది ఉంటుందమ్మా. మోయలేనంత మోసి అది దెబ్బతింది. రాత్రంతా బిగుసుకుంటుంది, పొద్దున ఒక్కసారిగా బరువు వేస్తే లాగేస్తుంది. మంచం దిగేముందు సాగదియ్యి. ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు వేసుకో. నెలలు పడుతుంది, ఓర్చుకో. ముందు ఆ తొక్కడం ఆపు."

పేరంటాలుకి ఠక్కున అర్థమైంది. రాత్రి గోనె కప్పి ఉంచిన మట్టిని పొద్దున్నే తీసి సారె మీద వేస్తామా? పిసికి మెత్తబరచందే వెయ్యం. మట్టికి చేసిన మర్యాద తన కాలికి చెయ్యలేదు.

మరి ఇక తొక్కేదెవరు? గుండయ్య అప్పటికే ఆలోచించి పెట్టాడు. "నాంచారిని బడి మానిపిద్దామే. లేత కాళ్ళు, నొప్పి తెలియదు."

నాంచారి పుస్తకాల సంచి గుండెకి హత్తుకుని గోడకి ఆనుకుపోయింది.

"నా మడమ అయిపోయింది, ఇక దాని మడమా?" అంది పేరంటాలు. "నువ్వు తొక్కు మావా."

"సారె పట్టే చెయ్యి చెడుతుందన్నారే పెద్దలు!"

"కాలితో తొక్కితే చెయ్యెలా చెడుతుంది? ఆ పెద్దలు ఏనాడైనా గుంటలో దిగి చూశారా?"

గుండయ్య పంచె ఎగ్గట్టి గుంటలో దిగాడు. సాయంత్రానికి నడుం పట్టుకుని అరుగు మీద చతికిలబడ్డాడు.

"ఇన్నేళ్ళూ ఇదా నువ్వు చేసింది?" అన్నాడు. పేరంటాలు కూర్చుని కుండలకి రంగులు వేస్తూనే ఉంది.

ఆ ఏడు కుండలు తగ్గాయి, ఊరు గొణిగింది. నొప్పీ ఒక్కరోజులో పోలేదు. రోజూ తెల్లారి మంచం మీదే కూర్చుని, తువ్వాలుతో కాలివేళ్ళని తనవైపు లాక్కుని, అరికాలు పిసికి, చెప్పులు తొడిగి, అప్పుడు అడుగు వేసేది. వేసవి పోయింది. "అమ్మో" కాస్తా "అబ్బా" అయింది. వానలొచ్చాయి. "అబ్బా" కాస్తా "ఉష్" అయింది.

ఆ తర్వాత ఒక పొద్దున ఏ చప్పుడూ లేదు. నాంచారి లేవనేలేదు. ఎండ మొహం మీదకొచ్చినా లేవలేదు.

"లెయ్యవే, బడికి టైమైంది!" అంటూ వాళ్ళమ్మ నడిచొచ్చి దుప్పటి లాగింది.

కథ కంచికెళ్ళింది, కాళ్ళు ఇంటికొచ్చాయి,
పొద్దు పొడిచేదాకా దుప్పట్లో దాగాయి.