అధికారి ముక్కు, పోలమ్మ చుట్ట

వెనకటికి ఒక రేవుపట్నంలో, తల తిరిగేంత ఆవిరి చిమ్మే పరదేశపు సరుకేదీ ఓడ దిగకూడదని రాజుగారి శాసనం. ఆ తనిఖీ అంతా సుంకాధికారి ముక్కుదే. ఆ ముక్కులోనేమో పొద్దస్తమానం నశ్యమే!

ఒకనాడు ఉయ్యాలలకు పూసే రంగు కుండలతో ఓడ వచ్చింది. అధికారి ఓడెక్కి, ఒక కుండ మూత తీయించి వాసన చూసి, "ఆవిరి లేదు, దించండి" అన్నాడు.

"లేనే లేదు దొరా!" అని వర్తకుడు వంతపాడాడు.

ఆ కుండ ఎత్తబోయిన కూలి పోలమ్మకు కళ్లు తిరిగాయి. ఉయ్యాలల్లో పడుకునే పసిగుడ్లు గుర్తొచ్చి, కుండ పక్కనే చతికిలబడి చుట్ట, చెకుముకి తీసింది. "ఆవిరి లేదన్నారు గదా బాబూ, ఇక్కడే ముట్టించుకుంటాను."

వర్తకుడు ఒక్క దూకు దూకి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "వద్దు తల్లీ! ఆవిరి అంటుకుని ఓడంతా తగలబడిపోతుంది!"

పోలమ్మ అధికారి వంక తిరిగింది. "లేని ఆవిరి అంటుకుంటదంట బాబూ. మళ్లీ తమరి ముక్కుతో చూస్తారా, నా చుట్టతో చూద్దామా?"

ఒక్క కుండైనా దిగకుండానే ఓడ తెరచాప ఎత్తింది.