స్వామివారి స్నానజ్వరము

కరవునాట ఊరందఱికి గంజి కాచి పోసిన అచ్చియ్యమ్మకు మనుమరాలు, మశూచి సోకినవారిని తన యింటనే ఉంచి సాకిన బంగారమ్మకు కూతురు గవరమ్మ. నీలాద్రిపురమున జ్యేష్ఠపూర్ణిమనాడు జగన్నాథస్వామికి కుండలకొద్ది నీటితో స్నానము చేయింతురు. అంత నీటికి స్వామికి జ్వరము వచ్చునని పక్షము దినములు తలుపులు మూసి, గవరమ్మ కాచిన కషాయమునే నివేదింతురు. ఆ సేవయే ఆమె వంశమునకు ప్రాణము.

ఆ యేడు స్నానము చేయించినవాడు దివాను రంగశాయి. అర్చకులు మర్యాదగా స్వామివారి పట్టువస్త్రమును ఆయన తలకు చుట్టిరి. మఱునాడు దివాను ఆ పాగాతోనే బంధువులను వెంటబెట్టుకొని దర్శనమునకు వచ్చి, మూసిన తలుపులను, గడపకడ కషాయపు ముంతతో నిలిచిన గవరమ్మను చూచి మండిపడెను.

"తెఱవండి! కొయ్యబొమ్మకు జ్వరమేమిటి? ఏమే గవరమ్మా, నీ కషాయపు వేషాలు నేటితో సరి. ఇకమీదట ఈ గడప తొక్కవద్దు!"

గవరమ్మ చేతిలోని ముంతను దించలేదు.

"చిత్తం బాబూ. అయితే తమ తలమీది పట్టువస్త్రము కూడ విప్పి ఇచ్చివేయండి."

"ఎందుకే?"

"నిన్న తాము స్నానము చేయించినది స్వామికైతే, అంత నీటికి ఆయనకు జలుబు చేయదా? కొయ్యబొమ్మకైతే, బొమ్మను కడిగినవారికి స్వామివారి వస్త్రమెందుకు బాబూ?"

బంధువులు నవ్వు దాచుకొనిరి. దివాను చేయి పాగామీదికి పోయినది గాని, విప్పుటకు మనసొప్పలేదు. గొంతు తగ్గించి, "కషాయములో మిరియాలు వేసితివా?" అని అడిగెను.

"వేసితిని బాబూ. తాము దారి ఇచ్చినచో స్వామికి గోరువెచ్చగా అందును."

దివాను ప్రక్కకు తొలగెను.

గవరమ్మ కన్నుమూయుటకు ముందు కోడలికి అప్పగించినవి ఒక కల్వము, శొంఠి మిరియాల పాళ్లు, స్వామి నోరు కాలకుండ చల్లార్చి ఇచ్చు అలవాటు.